గట్టిపడిన చెవులు

మరమగ్గాల షెడ్డులో చేరిన కొత్తవాళ్లకు మొదటి నెలంతా చెవుల్లో ఒకటే హోరు. ఆ హోరు తగ్గిన రోజున పాతవాళ్లు వీపు తట్టి, "చెవి గట్టిపడింది, ఇక నువ్వు మా మనిషివి" అంటారు. అక్కడ అంతకుమించిన సన్మానం లేదు. ఆ వేళకు మీరక్కడ ఉంటే మీరూ చప్పట్లు కొట్టేవారే.

షెడ్డు బయటి గదిలో మోటార్లు బాగుచేసే మేస్త్రీ కూతురు పద్దెనిమిదో ఏట అదే షెడ్డులో చేరింది. మొదట్లో నొప్పిగా ఉందని చెవుల్లో దూది పెట్టుకుంటే మేస్త్రీయే లాగి పారేశాడు. "మగ్గం చప్పుడు వినకపోతే పోగు తెగిందని ఎలా తెలుస్తుందే? నలుగురిలో నా పరువు తీయకు తల్లీ" అన్నాడు. తండ్రి మాట జవదాటని పిల్ల. ఆరేళ్లు ఆ మోతలోనే నిలబడింది.

ఇప్పుడామె మూడు నెలల పాపకు తల్లి. ఒకరోజు చూడబోయిన మేస్త్రీకి వీధిలోకే పాప ఏడుపు వినిపించింది. లోపల పసిది గుక్కపట్టి నీలమైపోతోంది. ముందుగదిలో తల్లి నిశ్చింతగా బట్టలు మడతపెడుతోంది. మేస్త్రీ పిలిచినా తిరిగి చూడలేదు. ఆ పూటే కూతుర్ని ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

పరీక్ష చేసిన డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసింది. "లోపలి చెవిలో సన్నటి వెంట్రుకలున్న కణాలుంటాయండీ. కొన్నిటి గోడల్లో ప్రెస్టిన్ అని ఒక ప్రొటీను ఉంటుంది. చప్పుడు తగిలినప్పుడల్లా అది ముడుచుకుంటూ సాగుతూ ఉంటుంది, సెకనుకు వేలసార్లు. దాంతో కణమే కదిలి చిన్న చప్పుడును పెద్దది చేస్తుంది. ఎడతెగని మోతకు ముందు చచ్చేవి ఆ కణాలే."

"మోటారులాంటిదన్నమాట!" మేస్త్రీకి కాస్త ప్రాణం లేచొచ్చింది. "ముప్ఫై ఏళ్లుగా మోటార్లు బాగుచేస్తున్నానమ్మా. పాడైంది తీసి కొత్తది వెయ్యలేరా?"

"అవి మళ్లీ పుట్టవండీ. చెవికి మిషను పెడితే కొంత వినబడుతుంది. పోయింది మాత్రం రాదు."

కూతురు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "డాక్టరుగారు ఏమన్నారు నాన్నా?"

మేస్త్రీ మెల్లగా చెప్పాడు. ఆమెకు అందలేదు. మళ్లీ చెప్పాడు. చివరికి ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, బయట బెంచీల మీదివాళ్లంతా తొంగిచూసేలా అరిచాడు: "నీ చెవులు ఇక బాగుపడవటమ్మా! నేనే పాడుచేశాను!"

ఆమె ఏడవలేదు. తండ్రి చెంపలు కొంగుతో తుడిచింది. "పాప ఏడిస్తే నన్ను తట్టి చెప్పు నాన్నా, చాలు" అంది. ఆ మాటకు ఆ ముసలివాడు నిలువునా కూలిపోయాడు.

అయ్యలారా, అమ్మలారా! బాధగా ఉందన్న బిడ్డకు ఓర్చుకోమని చెప్పడం ఎవరికైనా చేతనవుతుంది; ఎందుకు బాధగా ఉందని అడిగినవాడే కన్నవాడు.