బెల్లం మీద బూడిద

ఆయాసం ఉన్నవాళ్లకు నోట్లో కొట్టుకునే పంపులు పంచుతామని కరెంటు కంపెనీ వాళ్లు ఆటోలో మైకు పెట్టి చెప్పిపోయారు. పొద్దున్నే రాజక్క తన మొగుడు సమ్మన్నను రెక్క పట్టుకుని బస్తీ సభలు జరిగే సమాజ మందిరానికి నడిపించుకొచ్చింది. ఆయన పంపు నిన్ననే అయిపోయింది. అది లేనిదే ఆయనకు నడుం వాల్చే యోగం లేదు.

పద్మాపూర్ గనిలో ఏళ్లకేళ్లు బొగ్గు తవ్వి కూడా గుండ్రాయిలా ఉన్న మనిషి. ఆరేళ్ల కింద వానల్లో కంపెనీ బొగ్గు కాల్చిన బూడిద వదిలే చెరువు కట్ట తెగి, ఆ బురద ఇళ్లలోకి వచ్చింది. ఎత్తిపోస్తామన్నవాళ్లు ఇళ్ల వెనకే కుప్పలు పోసి చేతులు దులుపుకున్నారు. ఎండినాక అదంతా గాలికి లేచింది. అప్పటినుంచి అన్నంలో అదే, పక్కబట్టల్లో అదే, చంటిపిల్లల ముక్కుల్లో అదే.

మందిరంలో పంపులు లేవు. బల్లమీద బెల్లం ముద్దలున్నాయి. గని దిగి వచ్చినవాడు గొంతులో దుమ్ము జారాలని బెల్లం చప్పరించడం వీళ్లకు పాత అలవాటు. ఎవరు చెవిలో వేశారో, కంపెనీ సారు దాన్నే పట్టుకున్నాడు. కరీంనగర్ వైపు మనిషి, ఈ పరాయి రాష్ట్రంలో మన తెలుగే మాట్లాడేవాడు. కుర్చీని రెండుసార్లు తుడిపించుకుని గానీ కూర్చోలేదు.

"పంపులేవి సారూ?"

"వస్తయమ్మా. అందాక బెల్లం తినిపియ్యి. పాత గని మనిషి గద, ఛాతీల బొగ్గు దుమ్ముంటది. కిందికి వోతది."

"మరి నాకెందుకు దగ్గు? నేను ఏ గనిల దిగిన? నాలుగేండ్ల నా మనవరాలు ఏ షిఫ్టుకు వోయింది?"

సారు ఫోటోలు తీసే అతని వైపు చూసి నవ్వాడు. "ముసలమ్మకు మాటలు బాగొస్తయి. ఇటు నిలవడమ్మా, ఫోటో దిగుదాం."

రాజక్క ముద్ద అందుకుంది. తెరిచిన కిటికీ పక్కన ఉండి అది అప్పటికే చుంచెలుక రంగుకొచ్చింది. ముక్క విరిచి సారు నోటి దగ్గర పెట్టింది.

"ముందు నువ్వు తిను బిడ్డా. పొద్దటి సంది నువ్వు గూడ మా గాలే పీలుస్తున్నవు."

సారు మొహం వెనక్కి లాక్కున్నాడు. "ఛీ, దానిమీద దుమ్మున్నది."

"ఉన్నది. మా ఆయనకైతే పెట్టొచ్చు."

ఎవరో కిసుక్కున నవ్వారు. సారు లేచి కారెక్కి అద్దాలు బిగించుకున్నాడు. చక్రాల కింద బూడిద లేచి గుమ్మంలో ఉన్న సమ్మన్నను కమ్మేసింది. ఆయన గోడ పట్టుకుని దగ్గుతూ కూలబడ్డాడు. రాజక్క కారు పోయిన దిక్కుకు తుపుక్కున ఉమ్మింది. పడ్డ ఉమ్మి సిమెంటు రంగులో ఉంది. తన నోరంటే తనకే రోత పుట్టి కొంగుతో నాలుక తుడుచుకుంది.

"లేవయ్యా, రాజురా టౌను దవాఖానకు వోదాం," అంది మొగుడి వీపు రాస్తూ. "బస్సెక్కేదాక నోరు తెరువకు."