ఎడమ చెవిలో పన్నెండు రౌండ్లు

ఆ ఆస్పత్రి కింది అంతస్తులో, లిఫ్టుల పక్కన, ఒక చిన్న అద్దాల గది ఉంది. బయటినుంచి వచ్చే ఫోన్లన్నీ అందుకుని ఎవరికి కావలసిన వార్డుకి వాళ్ళని కలిపే ఆవిడ అందులో కూర్చుంటుంది. డాక్టర్ల దగ్గర్నుంచి తుడిచేవాళ్ళ దాకా అందరూ ఆవిణ్ణి ఆపరేటరమ్మ అనే పిలుస్తారు. పొద్దున్న ఏడింటికి వచ్చి, చెప్పులు బల్ల కింద విడిచి, కుర్చీ సర్దుకుని, ఫోను కుడి చెవికి తగిలించుకుంటుంది. ఆవిడ ఎడమ చెవి గోడవైపు ఉండేట్టు బల్లని పై అధికారే దగ్గరుండి తిప్పించాడు. ఎందుకంటే ప్రతి ఆదివారం మధ్యాహ్నం సరిగ్గా మూడింటికి ఆవిడ ఎడమ చెవిలో మోటారు సైకిళ్ళ రేసు మొదలవుతుంది. పన్నెండు రౌండ్లు, పంతొమ్మిది నిమిషాలు. పక్కన నిలబడ్డవాళ్ళకి సన్నగా వినిపిస్తుంది, చెవికి చెవి ఆనిస్తే మైదానంలో ఉన్నట్టే ఉంటుంది.

ఆదివారం డ్యూటీ పడితే దూది పెట్టుకుంటుంది. కొత్తగా చేరిన నర్సులెవరైనా "ఏమిటండీ ఆ చప్పుడు?" అంటే "నా రేసు" అంటుంది. "ఓహో" అనేసి వాళ్ళు తమ పని చూసుకుంటారు. చిన్నప్పుడు ఇంట్లోనూ అంతే. మూడు కొట్టగానే అమ్మ, "ఆ తలుపు దగ్గరగా వెయ్యండి, దాని రేసు మొదలైంది, చంటాడు లేస్తాడు" అనేది. అంతకు మించి ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు.

పట్టించుకున్నది బాబాయి ఒక్కడే.

ఆ రేసుకి ఆమెని తీసుకెళ్ళిందీ బాబాయే. అప్పుడామెకి పదేళ్ళు, ఆయనకి ఇరవై నాలుగు. బళ్ళు బాగుచేసేవాడు. ఆయన ప్రాణ స్నేహితుడు, అందరూ పొడుగాయన అని పిలిచే మనిషి, రేసుల్లో బండి నడిపేవాడు. విమానాలు దిగడం మానేసిన పాత మైదానంలో పోటీ. తెల్లవారకముందే బయల్దేరి, ఆమెని ముందు పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాడు. మోటారు సైకిళ్ళ రేసంటే బస్సుల్లాగా ఒకదాని వెనక ఒకటి వస్తాయనుకుంది ఆమె. మైదానం చుట్టూ తాళ్ళు కట్టారు. మలుపుల దగ్గర గడ్డి మోపులు పేర్చారు. మైకులో ఒకాయన అదేపనిగా దగ్గుతూ పేర్లు చదువుతున్నాడు. కాలిన నూనె వాసన కమ్మగా ఉండి, ఊపిరి పీల్చిన కొద్దీ ఇంకా పీల్చాలనిపించింది.

"బండెక్కుతా బాబాయ్" అని గారం పోయింది. బాబాయి చైను దగ్గర కూర్చుని ఏదో బిగిస్తున్నాడు. చేతులు గుడ్డకి తుడుచుకుని లేచి, రెండు చంకల కింద పట్టుకుని, పొడుగాయన బండి మీద కూర్చోబెట్టాడు. "కింద పడేస్తావేమో చూడు, ఇది గెలవాల్సిన బండి" అని పొడుగాయన నవ్వాడు. ఆయన హెల్మెట్ ఆమె నెత్తిన పెడితే భుజాల దాకా దిగిపోయింది. లోపల చీకటిగా, చెమట వాసనతో, సముద్రపు హోరులా ఉంది.

మూడింటికి జెండా కిందికి దిగింది. బాబాయి ఆమెని పనిముట్ల పెట్టె మీద నిలబెట్టి, పడిపోకుండా గౌను వెనకనుంచి గుప్పిట పట్టుకున్నాడు. ముందు అరికాళ్ళు వణికాయి. ఆ వణుకు మోకాళ్ళకి, పొట్టకి, పళ్ళకి పాకింది. అప్పుడొచ్చింది చప్పుడు. కుడి చెవి మూసుకుంది కానీ ఎడమ చేతిలో ఐసు పుల్ల ఉంది. పారెయ్యడానికి మనసొప్పక ఆ చెవి వదిలేసింది. ఇరవై బళ్ళూ కందిరీగల్లా ఒక్కుమ్మడిగా వచ్చి, మలుపులో పక్కకి వాలి, మోకాళ్ళు నేలకి రాసుకుంటాయేమో అన్నట్టు తిరిగి, లేచి వెళ్ళిపోయాయి. నోరు మూసుకోవడం మరిచిపోయింది. నాలిక నిండా దుమ్ము. ఐసంతా కరిగి మోచేతి దాకా కారింది. ఆ తర్వాత జీవితంలో ఎన్నో చూసింది. ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు, అన్నీ బాగానే జరిగాయి. కానీ అంత సంతోషం మళ్ళీ ఒంట్లోకి రాలేదు.

పన్నెండో రౌండులో, దూరపు మలుపు దగ్గర, జనమంతా ఒక్కసారి లేచారు. బాబాయి గౌను వదిలేసి పరుగెత్తాడు. ఎవరో ఒకావిడ ఆమెని పెట్టె మీదనుంచి దించి, మొహం తన వైపు తిప్పుకుంది. పొడుగాయన బతికాడు. ఎడమ కాలు మోకాలి దాకా తీసేశారు. తెగిన చైను మలుపులో పడి ఉందనీ, చైను తెగబట్టే పడ్డాడనీ అనుకున్నారు. ఆ వారంలోనే బాబాయి షెడ్డుకి తాళం వేసి, నూలు మిల్లులో మగ్గాల దగ్గర పనికి చేరాడు. పొడుగాయన వేరే ఊరు వెళ్ళిపోయాడు.

తర్వాతి ఆదివారం నుంచి ఆమె చెవిలో రేసు మొదలైంది.

బాబాయి ప్రతి ఆదివారం వచ్చేవాడు. జుట్టులో దూదిపింజలతో, చేతిలో ఆమెకో పెన్సిలో రిబ్బనో పట్టుకుని. చెవికి చెవి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. "ఇదిగో, మూడో గేరు వేశాడు. విన్నావా ఎంత మెత్తగా వేశాడో" అనేవాడు. ఏ బండి ఎక్కడుందో చెప్పేవాడు. పదకొండో రౌండు కాగానే లేచి, "సరే తల్లీ, వస్తా" అని చెప్పులేసుకునేవాడు. ఒక్కనాడూ చివరిదాకా వినలేదు. పన్నెండేళ్ళు అలా గడిచాయి.

ఆమెకి ఇరవై రెండో ఏట ఉద్యోగం వచ్చింది. ఒక ఆదివారం తోటి ఉద్యోగినులు ఇద్దరు ఇంటికి వచ్చి కూర్చున్నారు. అప్పుడే బాబాయి గేటు తీసుకుని వచ్చాడు. మాసిన చొక్కా, తల్లో దూది. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. ఆమె విసవిసా గేటు దాకా వెళ్ళింది.

"బాబాయ్, నా చెవేమైనా నీ రేడియోనా? ఆదివారం వస్తే చాలు తయారవుతావు. ఇంక రాకు."

బాబాయి "సరేలే తల్లీ" అన్నాడు. గేటు చప్పుడవకుండా మెల్లిగా దగ్గరికి వేసి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

అప్పటినుంచీ పెళ్ళిళ్ళలో, చావుల్లో కలిసేవాళ్ళు. బాగున్నావా అంటే బాగున్నా. వచ్చే వారం వెళ్ళి రమ్మని చెప్పాలనుకుంటూనే ఇరవై నాలుగేళ్ళు లాక్కొచ్చింది. ఈలోగా మగ్గాల హోరుకి ఆయన చెవులు పాడయ్యాయి. నాలుగేళ్ళ కిందట పూర్తిగా పోయాయని పిన్ని ఫోన్లో చెప్పింది. ఆ రోజు ఆపరేటరమ్మ ఒక ఫోను కలపాల్సిన చోట ఇంకోటి కలిపింది.

మొన్న ఒక ఆదివారం డ్యూటీ పడింది. మూడింటికి దూది కోసం సంచీ వెతుక్కుంటుంటే అద్దం మీద ఎవరో వేలితో తట్టారు. చంకలో కర్రతో ఒక ముసలాయన. తల వంచితేగానీ కిటికీ కన్నం అందనంత ఎత్తు.

"అమ్మా, ఏమీ అనుకోకు. మా అక్క పై వార్డులో ఉంటే చూడ్డానికొచ్చా. ఆ వినిపిస్తున్న బండి నాది."

ఆమె కుర్చీలోంచి లేచి తలుపు తీసింది.

ఆయన గదిలోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. తనెవరి కూతురో, బాబాయికి ఏమవుతుందో చెప్పింది. "హెల్మెట్ పెట్టుకున్న పిల్లవా నువ్వు?" అన్నాడు. తర్వాత చెవి ఆనించాడు. పదకొండో రౌండు అయిపోతుంటే ఆమె అలవాటుగా కొంచెం జరిగింది.

"ఇంక వినకండి. తర్వాతది బాగుండదు."

"అదే వినాలమ్మా. మలుపు దగ్గరకి రావడం వరకే నాకు గుర్తు. కళ్ళు తెరిచేసరికి ఆస్పత్రిలో ఉన్నా."

విన్నాడు. నేల మీద ఇనుము ఈడ్చుకుపోయిన గరగర. ఆ తర్వాత ఆపేవాడు లేక ఇంజను పెట్టిన గావుకేక. ఆ తర్వాత నిశ్శబ్దం. ఫోను మోగితే ఆమె పిల్లల వార్డుకి కలిపింది.

"ఎప్పుడూ ఇలాగే ఉంటుందా? ముందు ఈడ్పు, తర్వాత కేకా?"

"ఎప్పుడూ ఇంతే."

"చైను తెగి నేను పడుంటే ముందు కేక వినపడాలి. చైను ఊడగానే ఇంజనుకి పట్టు పోయి అరుస్తుంది. ఇది పడేదాకా లాగుతూనే ఉంది. పడ్డాక తెగింది చైను." ఆయన కర్ర కొనవంక చూస్తూ మాట్లాడాడు. "మలుపులోకి ఎక్కువ వేగంతో వెళ్ళా. తప్పు నాదే."

మళ్ళీ అన్నాడు. "మీ బాబాయి ఆస్పత్రికి ఒక్కసారే వచ్చాడు. మంచం పక్కన నిలబడి, 'చైను ఊడకుండా పట్టే క్లిప్పు పెట్టానో లేదో గుర్తు రావడం లేదురా, మధ్యలో లేచా' అన్నాడు. పరవాలేదురా అనాల్సింది. కాలు పోయిన కోపంలో గోడవైపు తిరిగి పడుకున్నా."

మధ్యలో ఎందుకు లేచాడో ఆపరేటరమ్మకి తెలుసు. చంకల కింద ఆయన చేతులు ఇప్పుడూ తెలుస్తున్నాయి. ఆమె కోసం లేచాడన్న సంగతి ఆ పన్నెండేళ్ళలో ఒక్క మాటైనా ఎత్తలేదు బాబాయి. ముందు ఏం వినిపిస్తుందో, తర్వాత ఏం వినిపిస్తుందో ఆమెకి ముప్పై ఆరేళ్ళుగా కంఠతా వచ్చు. ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

మరుసటి ఆదివారం పొడుగాయన నాలుగు చక్రాలు పెట్టించుకున్న తన స్కూటరు మీద, ఆమె బస్సులో, బాబాయి ఇంటికి వెళ్ళారు. పిన్ని తలుపు తీసింది. బాబాయి కిటికీ దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాడు. పొడుగాయన్ని చూసి పళ్ళెం పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. పొడుగాయన మంచం మీద కూర్చుని, పక్కన చేత్తో తట్టి చూపించాడు. బాబాయి వచ్చి కూర్చున్నాడు.

ఆయనతో పలక మీద రాసి మాట్లాడతారు ఇంట్లో. ఆపరేటరమ్మ ఏమీ రాయలేదు. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని, మూడు కొట్టగానే ఆయన అరచెయ్యి తీసి తన ఎడమ చెవి కింద, దవడ ఎముక మీద పెట్టుకుంది. బళ్ళు బాగుచేసిన చెయ్యి అది. రెండు నిమిషాల్లో ఆయన వేళ్ళు కదలడం మొదలుపెట్టాయి. "మూడో గేరు" అన్నాడు, చెవులు వినపడనివాళ్ళు మాట్లాడే పెద్ద గొంతుతో. పదకొండో రౌండు కాగానే చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు. పొడుగాయన ఆయన మణికట్టు పట్టుకున్నాడు, వదల్లేదు.

ఈడ్పు వచ్చింది. కేక వచ్చింది. ఆగిపోయింది.

"ముందు ఈడ్చుకుపోయింది" అన్నాడు బాబాయి.

పొడుగాయన తలూపాడు.

"తర్వాతే చైను."

మళ్ళీ తలూపాడు.

"అయితే క్లిప్పు పెట్టా."

పిన్నికి ఏమీ అర్థం కాక, చెంబుతో నీళ్ళు తెచ్చి అక్కడే నిలబడిపోయింది. బాబాయి తన చెయ్యి ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత ఆపరేటరమ్మ వైపు తిరిగాడు.

"ఆ చివరి ఆదివారం మొత్తం విందామనే వచ్చా తల్లీ. దారి పొడుగునా ధైర్యం కూడగట్టుకుంటూ వచ్చా. ఇంట్లో నీ స్నేహితులున్నారాయె."

నిష్ఠూరంగా అనలేదు. వానొచ్చి పని ఆగిపోయిందని చెప్పినట్టు చెప్పాడు. ఆమె పలక అందుకుని "బాబాయ్" అని రాసింది. బలపం పట్టుకుని అలాగే కూర్చుంది. ఆయన పలక తీసుకుని మంచం మీద పెట్టి, "చిన్నపిల్లవి అప్పుడు" అన్నాడు. ఇరవై రెండేళ్ళ మనిషి చిన్నపిల్లేమీ కాదు. అది ఇద్దరికీ తెలుసు.

బయల్దేరే వేళకి పొడుగాయన స్కూటరు మొరాయించింది. రెండుసార్లు దగ్గి, పొగ వదిలి ఆగిపోయింది. గుమ్మంలో నిలబడ్డ బాబాయి ఆ పొగనే చూశాడు కాసేపు. మెట్లు దిగివెళ్ళి, ఇంకోసారి స్టార్టు చెయ్యమని సైగ చేసి, ఇంజను మీద అరచెయ్యి ఆనించాడు. "ఆపు" అన్నాడు. చొక్కా చేతులు మడిచి, రోడ్డు పక్కనే గొంతుక్కూర్చున్నాడు. సీటు కిందున్న పనిముట్ల సంచీని పొడుగాయన తీసి మెట్ల మీద పెట్టాడు. క్షణంలో బాబాయి చేతులు మోచేతుల దాకా నల్లబడ్డాయి.

పెళ్ళయిన ముప్పై ఒక్కేళ్ళలో ఆ చేతులకి గ్రీజంటడం పిన్ని చూడలేదు. గుమ్మం పట్టుకుని నిలబడింది.

"ఈయనకి ఈ పని వచ్చా?" అని అడిగింది.

"వచ్చు పిన్నీ."

"మరి ఇన్నేళ్ళూ ఆ మిల్లులో ఎందుకున్నట్టు?"

బాబాయికి ఆ మాటలేవీ వినపడలేదు. వెనక్కి చూడకుండానే చెయ్యి చాపి, వీధంతా వినపడేట్టు, "పదో నంబరు స్పానరివ్వండి" అన్నాడు. పదో నంబరేదో తెలియక పిన్ని సంచీ మొత్తం ఎత్తుకుని వెళ్ళి, ఆయన పక్కన చతికిలబడింది.