వంతెన మీద వైద్యుడు

ఆటల మేళా జరుగుతున్న ఆ హాల్లో ఎటు చూసినా బల్లలే, బల్లల చుట్టూ మనుషులే. ఎవరి మాటా ఎవరికీ వినబడదు, అయినా అందరూ మాట్లాడుతూనే ఉన్నారు. మెళ్ళో బ్యాడ్జీ వేసుకుని అక్క గోడవారగా నడిచి తన బల్ల వెతుక్కుంది. తమ్ముడి నోట విని విని, ఆ బల్ల దగ్గర జట్టుకు ఆమె ఎప్పుడో అక్క అయిపోయింది. మనిషిని చూడడం మాత్రం ఇదే మొదలు.

ఆమె పని పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబులో. తమ్ముడు పోయాక కూడా సెలవు పొడిగించకుండా వెళ్ళి, మైనంలో పన్ను పక్కన పన్ను పేరుస్తూ కూర్చుంది. ఏడవలేదు. బిగబట్టుకోవడం కాదు, రాలేదు, అంతే. ఏడవని మనిషిని చూస్తే చుట్టాలకు ఎక్కడలేని కంగారు. పిన్ని అయితే ఫోన్ చేసి మరీ, మాత్ర వేసుకున్నావా అన్నట్టు, ఏడిచావా అని కనుక్కునేది. వాడి కోసం ఎవరైనా ఫోన్ చేస్తే అక్క "ఊళ్ళో లేడండీ" అనేది. అబద్ధమాడుతున్నానని కూడా ఆమెకు అనిపించేది కాదు.

ఈ ఆట ఎరగనివాళ్ళకు రెండు ముక్కల్లో చెప్పాలంటే, బల్ల చుట్టూ చేరి అందరూ కలిసి ఒక కథ అల్లుతారు. ఒక్కొక్కరిది ఒక్కో పాత్ర. ఏం చేస్తామో నోటితో చెప్పాలి, అవుతుందో లేదో పాచిక వేసి చూడాలి. కథ నడిపేవాణ్ణి మాస్టారు అంటారు. ఈ మాస్టారు మామూలు రోజుల్లో లిఫ్టులు బాగుచేస్తాడు. ప్రయాణికులను నిదానంగా దిగమని పోరే బస్సు డ్రైవరు ఇక్కడ కొండలు పేల్చే మాంత్రికుడు. చీటీ లేనిదే దగ్గు మందైనా ఇవ్వని మందుల షాపావిడ ఇక్కడ పేరుమోసిన దొంగ. తమ్ముడు వైద్యుడు.

పోయినసారి ఈ మేళాలో కథ తాళ్ళ వంతెన దగ్గర ఆగిపోయింది. వెనక శత్రువులు తరుముకొస్తున్నారు. ఒకరు వెనకే ఉండి తాళ్ళు తెంపితే తప్ప మిగతావాళ్ళు బతకరు. వైద్యుడు ఏం చేస్తాడో వచ్చేసారి చెబుతానని తమ్ముడు నవ్వి లేచాడట. ఆ పాత్రను ముట్టుకోవడానికి వీళ్ళకెవరికీ చేతులు రాలేదు. మీరొచ్చి ఒక్క మాట చెప్పండి చాలని మాస్టారు ఫోన్‌లో ఆమెను బతిమాలాడు. వెళ్తే ఆ పనీ అయిపోతుంది కదా అని అక్క వచ్చింది.

బల్ల మీద అట్టముక్కల వంతెన, దాని మధ్యలో బొటనవేలంత వైద్యుడి బొమ్మ. రంగులు తమ్ముడే వేశాడు. కనుబొమ పూసుకుపోయి చెవిదాకా సాగింది. పనితనం లేదనుకుంది అక్క. అంతకుమించి ఆమెకేమీ అనిపించలేదు.

మాస్టారు శత్రువుల అడుగుల చప్పుడు వర్ణించాడు. ఆ వెంటనే, మంత్రంతో కూడా తాళ్ళు తెంపొచ్చని, వైద్యుడు ఉండిపోవాల్సిన పనిలేదని దారి చూపించాడు. డ్రైవరు కూడా వంతపాడాడు. వైద్యుడు బతకాలని ముగ్గురికీ ఉంది. అది వాళ్ళ మొహాల్లోనే కనిపిస్తోంది. తమ్ముడైతే ఉండిపోతాడని అక్కకు తెలుసు. ఎవరి బరువైనా తన నెత్తినేసుకునే రకం వాడు. పాత్ర తరఫున "నేను" అనే మాట్లాడాలని చెప్పారు కాబట్టి, అందరి దగ్గరా సెలవు తీసుకున్నట్టుగా అంది.

"మరి నేనొస్తాను."

మందుల షాపావిడ హమ్మయ్య అంది. డ్రైవరు చటుక్కున బొమ్మను తీసి అవతలి ఒడ్డున, తమ బొమ్మల పక్కన పెట్టేశాడు. మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

అక్క వాళ్ళను చూస్తూ ఉండిపోయింది. ఆపరేషన్‌కు తీసుకెళ్తుంటే స్ట్రెచర్ మీంచి తమ్ముడూ అంతే అన్నాడు, "వస్తానక్కా" అని. ఆమె కూడా ఇదిగో ఇలాగే, తనకు కావలసినట్టే అర్థం చేసుకుంది. వాడి కళ్ళజోడు ఒళ్ళో పెట్టుకుని బయట కూర్చుంది. వాడు ఏ అర్థంతో అన్నాడో మళ్ళీ అడిగే వీలు చిక్కలేదు.

ఆమె చెయ్యి చాపి బొమ్మను తీసి మళ్ళీ వంతెన మధ్యలో నిలబెట్టింది.

"అలా కాదండీ. నేనన్నది వెళ్ళేటప్పుడు అనే మాట."

మాస్టారు బొమ్మ వంకే చూస్తూ, ఎదురుగా ఉన్నది ఎవరో మరిచి, అలవాటైన పిలుపుతో మెల్లగా అడిగాడు.

"సరిగ్గా చెప్పరా. మాతో వస్తావా, రావా?"

అక్క నోరు తెరిచింది.

"రాను," అంది.

తన గొంతుతో అన్న ఆ మాట తనకే వినబడింది. ఇన్నాళ్ళూ కదలనిదేదో గుండెలో కదిలింది. అది దుఃఖం అవుతుందనుకుంది, కాదు. తమ్ముడి మీద పట్టరాని కోపం. బొమ్మ మీదికి వంగి, పక్క బల్లవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా అంది.

"ఆ ముక్క అప్పుడే చెప్పి ఏడవచ్చు కదరా. కుర్చీ దిగకుండా కూర్చున్నాను కదరా నీకోసం."

కథలో వైద్యుడికి అక్క లేదు. అయినా మాస్టారు అడ్డుచెప్పలేదు. ఆమె తిట్టడం పూర్తయ్యేదాకా శత్రువులను వంతెన ఎక్కనివ్వకుండా ఆపి ఉంచాడు.