పట్టకారుతో కొర్రమీను

పట్టకారు కనపడక ఈపాటికి శ్యామలాంబ వంటిల్లంతా తిరగేసి ఉంటుంది, తిరగెయ్యనీ, చెబితే ఇచ్చేదా, మడి వంటింటి పట్టకారుతో చేపను పట్టుకుంటానంటే ఏ ఇల్లాలు ఇస్తుంది, అయినా ఇంతసేపైనా గాలం బెండు కదలదేం, గుండ్లకమ్మ మడుగులో నీళ్లూ కదలడం లేదు, నడుం పట్టేసింది, పక్క కల్లంలో ఆరబోసిన మిరపకాయల ఘాటుకి తుమ్మొస్తోంది, ఆపుకోవాలి, తుమ్మమాకండి పంతులుగారూ, ముక్కు నలుపుకోండి, కొర్రమీను బెదురుద్ది, అనేవాడు బుల్లయ్య, అని తను మాత్రం ఖళ్లుఖళ్లున దగ్గేవాడు, తెల్లదోమకని పత్తి చేలో మందు కొట్టి కొట్టి తెచ్చుకున్న దగ్గు, ఆ దగ్గే ఇప్పుడు మనిషిని మంచాన పడేసింది.

వినుకొండ హైస్కూల్లో లెక్కలు చెప్పి చెప్పి అరిగిపోయిన శేషాచలానికి ఆదివారం అంటే ఈ మడుగే, సెలవులొస్తే కంభం చెరువు, సాగర్ కాలువ, అమరావతి దగ్గర కృష్ణ, అన్నీ బుల్లయ్య వెంటే తిరిగాడు, చేపల కోసమా, ఛ, తిననివాడికి చేపలెందుకు, గడ పట్టుకుని కూర్చుంటే బుర్రలో గోల ఆగుతుందని, అంతే, ఇద్దరికీ ఒప్పందం, గాలం వెయ్యడం పంతులుది, లాగడం పంతులుది, ముట్టుకోవడం మాత్రం బుల్లయ్యది, మీరు చెయ్యెట్టమాకండి, నేనున్నాగా, అని మొప్పల్లో వేలు దూర్చి గాలం ఊడదీసి, మా రాజ్యం పులుసు పెడతదిలే అని చేపను సంచిలో వేసుకునేవాడు, ఇంటికెళితే శ్యామలాంబ గుమ్మంలోనే ఆపేది, ఆ నీచు కంపేమిటండీ, ముందు నూతి దగ్గరికి నడవండి, నేను ముట్టుకోలేదే అనేవాడు శేషాచలం, ఎంత ధీమాగా అనేవాడో.

మొన్న చూడ్డానికి వెళితే బుల్లయ్య మంచంలోంచే చెయ్యి పట్టుకున్నాడు, ఈ ఆదివారం మీరొక్కరే పోయి ఒక్క కొర్రమీను తెచ్చి పెట్టండి పంతులుగారూ, నావల్ల ఎక్కడవుతుంది బుల్లయ్యా, అవుద్దిలెండి, అని కళ్లు మూసుకున్నాడు, ఇన్నేళ్లలో నోరు తెరిచి అడిగింది అదొక్కటే, వట్టి చేతులతో ఏ మొహం పెట్టుకుని వెళ్లడం, అమ్మో, బెండు, అదిగో, మునిగింది.

లాగాడు, గడ విల్లులా వంగింది, మోచేతి పొడుగు నల్లటి చేప ఒడ్డున పడి ఎగురుతోంది, పట్టకారు పెడితే జారింది, మళ్లీ పెడితే తోక విసిరి మొహాన బురద కొట్టింది, ఓరి శేషాచలం, సిగ్గులేదూ, కాఫీ గిన్నె దించుతున్నావుట్రా, పట్టకారు అవతల గిరాటేసి రెండు చేతులా అదిమి పట్టాడు, చల్లగా, జిగటగా, ఎంత బలం దీనికి, ఇన్నేళ్లూ బుల్లయ్య చేతుల్లో కొట్టుకున్నది ఇదా, మొప్పలో వేలు పెట్టాడు, ఒళ్లు జలదరించి తీసేశాడు, మళ్లీ పెట్టాడు, ఊడొచ్చింది గాలం, ఇదుగో బుల్లయ్యా, నా చేత్తోనే తీశాను, వేడివేడిగా పులుసు తాగుదువుగాని అనుకుంటూ ఉండగానే, మొన్న వీధి దాకా సాగనంపుతూ రాజ్యం అన్న మాట గుర్తొచ్చింది, ఈ వారమంతా చెంచాడు గంజి కూడా గొంతు దిగట్లేదండీ, నీళ్లు పోసినా పక్కకి కారిపోతన్నయ్, అంటే తలూపి వచ్చేశాడు, ఆలోచించలేదు, లెక్కల పంతులై ఉండి ఆ మాటా ఈ మాటా కలిపి చూసుకోలేదు, గంజి దిగని మనిషికి కొర్రమీను ఎందుకు, ఎందుకడిగాడు, చేతుల్లో చేప నోరు తెరిచి మూస్తోంది, తినడానికి కాదు, ఓరి పిచ్చివాడా, తినడానికి కాదు, వచ్చే ఆదివారం నుంచి గాలం ఊడదీయడానికి తను ఉండనని బుల్లయ్యకి తెలుసు.