మోత

తిప్పయ్య మేస్త్రీ పిస్టన్ పిన్నును కిరసనాయిల్లో కడిగి, వేళ్ల మధ్య తిప్పి, ముత్యాలప్ప వైపు అసహ్యంగా చూశాడు. ముత్యాలప్పది గార్లదిన్నె. కూలీలను వేరుశనగ చేలకు తోలే పాత పెట్రోలు జీపు అతని బతుకు. ఇప్పుడు దాని ఇంజను విప్పి ఉంది. కనెక్టింగ్ రాడ్లు రెండు రకాలు తెచ్చుకున్నాడు, పిన్ను బిగుసుకుపోయేవి, బుష్షులో పిన్ను ఆడేవి.

"టౌన్లో బిగుతు పిన్ను రాడ్లు చాలంటాండారన్నా. వేడిచేసి దిగగొడితే మళ్లా చూసే పనే ల్యాదంట."

"వాళ్ల మొగం. పిన్ను అటూ ఇటూ ఆడల్ల. రాడ్డుకు బుష్షు, రెండు పక్కలా లాకు, అదీ పని. బిగ్గొట్టినోడు మళ్లా తీసేటప్పుడు పిస్టన్ పగలగొడతాడు. ఇట్లాంటి తెలివి యాడ నుంచి మోసుకొస్తావప్పా?"

బుక్కరాయసముద్రం రోడ్డు పక్క ఈ షెడ్డులో ముప్పై ఎనిమిదేళ్లుగా మిగతా మెకానిక్కులంతా అతని లెక్కలో దద్దమ్మలు. రాడ్డును తీగకు వేలాడదీసి పానాతో కొడితే పగులు లేనిది గంటలా మోగుతుంది, పగులున్నది దబ్బుమంటుంది. ఆ తేడా పట్టే చెవి తనకొక్కడికే ఉందని గర్వం. పదేళ్ల కిందట, వాటాదారు శివప్పకు చెవి మందగించిందని తెలిసిన రోజునే, "మోత వినబడనోడు ఈడ ఇంజన్ ముట్టగూడదు" అని నలుగురి ముందూ అని, అతని పానాల పెట్టెను గుమ్మం బయట పెట్టించాడు. శివప్ప పెట్టె నెత్తికెత్తుకుని పోయాడు.

ఈ పొద్దున కుక్కరు కూత వేయలేదని భార్య రామలక్ష్మమ్మ మీద విరుచుకుపడ్డాడు. "మూడు కూతలు కూసింది కదా" అందామె. "నీకు చెవుడు" అని తేల్చేసి వచ్చాడు.

బుష్షున్న రాడ్లు నాలుగూ ఒక్కొక్కటే తీగకు వేసి కొట్టాడు. నాలుగూ దబ్బుమన్నాయి. నాలుగూ పాత ఇనుములోకి విసిరాడు.

"అన్నీ పగిలినవే. కండ్లు మూసుకొని కొన్నావా?"

ముత్యాలప్ప బిత్తరపోయాడు. ఒకటి ఏరుకొచ్చి, తీగకు వేసి, తానే కొట్టాడు. "ఏమన్నా, గణగణ మోగుతాంటే పగిలిందంటావే?"

తిప్పయ్య పానా లాక్కుని కొట్టాడు. దబ్బు. రోడ్డు అవతల టీ బంకులో మల్లీశ్వరి తలెత్తి ఇటు చూసింది. మళ్లీ కొట్టాడు, ఆమెనే చూస్తూ. ఆమె నవ్వింది.

"ఏందన్నా, బడి గంట కొడతాండావా?"

మాటలు అందుతున్న చెవికి సన్నని మోతలే అందడం లేదు. కుక్కరు కూతలు గుర్తొచ్చాయి. ఆ తర్వాత శివప్ప మొహం. తిప్పయ్యకు తన మీద తనకే రోత పుట్టింది. జీవితమంతా ఊరికి పంచిన రోత ఒక్కసారిగా ఇంటికి తిరిగొచ్చింది.

"రాడ్లు మంచివే. ఆడే పిన్నే వేయించు," అన్నాడు. "వేరే మేస్త్రీని చూసుకో."

"నువ్వు ఈడనే ఉండావు కదన్నా?"

తిప్పయ్య చేతులు తుడుచుకున్నాడు. గుమ్మం బయట, ఆనాడు శివప్ప పెట్టెను తాను పెట్టించిన చోటే తన పానాల పెట్టెను పెట్టి, చెప్పులేసుకుని, ఎండలోకి నడిచిపోయాడు.

తీగకు రాడ్డు ఇంకా ఊగుతోంది. గాలికి పక్కనున్న ఇనప కంబానికి తగిలినప్పుడల్లా బంకులో మల్లీశ్వరి తలెత్తి చూస్తోంది.