జోజి నాలుక

సారపాక కాగితం మిల్లుకు జామాయిల్ కర్ర తోలే లారీ డ్రైవరు జోజికి రెండేళ్లుగా రుచి తెలియదు. జ్వరం వచ్చి పోయింది, పోతూ పోతూ నాలుకను పట్టుకుపోయింది. ఒకప్పుడు ఎవరింట్లో పెళ్లయినా కూరలో ఉప్పు చూడమని ఇతన్నే పిలిచేవారు. అలాంటి మనిషికి ఇప్పుడు చేపల పులుసూ చద్దన్నమూ ఒకటే. పాపం కాదూ మరి?

సంగతి తెలిసింది ఇద్దరు స్నేహితులకే. ఒకడు మిల్లు ల్యాబులో పనిచేసే మురళీకృష్ణ, రెండోవాడు తోటి డ్రైవరు హాతీరాం. భార్య అంతోనమ్మకు చెప్పలేదు. ఆవిడ వంటంటే ప్రాణం పెడుతుంది. నీ చేతి రుచి నాకు తెలియడం లేదని ఏ నోటితో చెప్తాడు? రోజూ కంచం ఖాళీ చేసి, "మస్తుగుంది" అని లేచేవాడు.

పోయిన నెల దారిలో లారీ ఆపి చింతచిగురు నమిలితే, నాలుక మూల ఎక్కడో చురుక్కుమంది. ఆ మాట వినగానే మురళి ఎగిరి గంతేశాడు.

"బెంగళూరుల పుల్ల బీర్లుంటయ్ రా! పండ్లేసి పులియబెడతరు. ఒక్కోటి ఒక్కో పులుపు. నీ నాలుక లేవకపోతే నన్నడుగు."

"వీని నాలుక లేస్తదో లేదో గాని, మనిద్దరం పడిపోవుడు ఖాయం," అన్నాడు హాతీరాం.

ఆదివారం జోజి చర్చిలో పూజ నుంచి వచ్చాక ముగ్గురూ అతని ఇంట్లోనే కూర్చుని బెంగళూరు ప్రయాణం గురించి మాట్లాడుకున్నారు. మొదటిరోజు జామపండుది, రెండోరోజు మామిడిది, మూడోరోజు ఏమీ కలపని ముదురు పులుపుది అని మురళి వరస చెప్తున్నాడు. జోజి తల ఊపుతున్నాడే గానీ, లోపల ఒకటే గుబులు. అక్కడా ఏమీ తెలియకపోతే? ఇన్నాళ్లూ ఆశయినా ఉంది. అదీ పోతే ఎట్లా బతకాలి?

ఇంతలో అంతోనమ్మ అన్నాలు పెట్టింది. గోంగూర పప్పు. మురళి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు, ఒక కన్ను మూసుకుపోయింది. హాతీరాం దవడ పట్టేసినట్టయి చెంబెడు నీళ్లు గటగటా తాగాడు. వదిన పెట్టిన అన్నానికి ఎట్లా వంక పెడతారు? ఇద్దరూ గుడ్లు మిటకరిస్తూ మింగారు.

"ఏందిరా, ఏమైంది?" అన్నాడు జోజి.

"ఏం లేదు... జరంత పులుపు..." అని నసిగాడు మురళి.

"రోజూ గిట్లనే ఉంటది మామా," అంది జోజి కూతురు ఏంజెల్, అలవాటుగా బెల్లం ముక్క కొరుక్కుంటూ.

జోజి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "రోజూనా?"

అంతోనమ్మ గరిటె కింద పెట్టింది. "జ్వరం తగ్గిన మూడోనాడు చారుల ఉప్పు మర్చిపోయిన. నువ్వు మస్తుగుందన్నవ్. ఉప్పులేని చారు మెచ్చుకునే మనిషివా నువ్వు?"

"మరి అడగలేదేందే?"

"నువ్వు దాచుకుంటుంటే ఎట్ల అడగాలె? ఉప్పు పెంచి చూసిన, కారం పెంచి చూసిన, నువ్వు కదలలే. పోయిన వానాకాలం చింతపండు ఎక్కువైన నాడు నీ కనుబొమ్మ కదిలింది. నీకే తెల్వలే. ఇగ నేను గదే పట్టుకున్న."

ఏడాదిగా తల్లీ కూతురూ ఆ పులుపే తింటున్నారు, ఒక్కనాడూ మూతి తిప్పకుండా. జోజికి ఏడుపు ఆగలేదు. స్నేహితుల ముందు సిగ్గేమిటి, ఎడమచేత్తో మొహం కప్పుకుని బావురుమన్నాడు. "రేపటికెల్లి తగ్గించు అంతోనీ. నాకు తెలిసినా తెల్వకపోయినా తింట."

"ఊకో ఇగ. తమ్మీ మురళీ, వంటింట్లకెల్లి అంతా ఇన్న. బెంగళూరుకు నాక్కూడా ఓ టికెట్ తియ్యి."

మురళి నోరు తెరిచాడు. "వదినా, నువ్వు బీరు..."

"ఛీ, ఆ పాడు బీరు నాకెందుకు? రుచి తెలిసిననాడు ఈయన మొహం ఎట్లుంటదో ముందు నేను చూడాలె."

"తెల్వకపోతే?" అన్నాడు జోజి.

అంతోనమ్మ అతని కంచంలో ఇంకో గరిటె అన్నం పెట్టింది.

"తెల్వకపోతే మాత్రం, ఆ బాధ నువ్వొక్కనివే ఎందుకు పడాలె?"