జపాను నోటు మీద కరుణ

జకరయ్య పెట్టెలో ఉన్న జపాను నోట్లకు కోట ఊరి అంగట్లో ఉప్పురాయి కూడా రాదు. యుద్ధకాలంలో రంగూనులో కూలికి ఇచ్చిన నోట్లవి. యుద్ధం ముగియగానే చిత్తుకాగితాలయ్యాయి. పంతొమ్మిది వందల నలభై ఆరులో ఓడ దిగినప్పుడు ఆ మొగుడూ పెళ్ళాలకు మిగిలినవి ఆ నోట్లు, ఒక బైబిలు. కూతురు కరుణాకుమారి నాలుగేళ్ళకే అక్కడ పోయింది.

అప్పటి నుంచి ఏటా కూతురి పుట్టినరోజున జకరయ్య ఒక నోటు తీసి, దాని మీద అచ్చయిన గోపురం పక్కన సిరాతో కరుణ బొమ్మ గీస్తాడు. ఊళ్ళో సమాధుల మీద పేర్లు రాసేది ఆయనే. బైబిలు చివరి పేజీలో మాత్రం, కరుణ పుట్టిన తేదీ ఎదుట, పోయిన తేదీ రాయనివ్వడు. ఆ రోజు తాను రంగూనులో లేడు కాబట్టి, చూడని చావును ఒప్పుకోనంటాడు. భార్య రెబెక్కమ్మా రాయలేదు. పదిహేనేళ్ళుగా ఆ చోటు ఖాళీ.

బొమ్మల్లో పిల్ల ఏటికేడు ఎదిగింది. పావడా పోయి ఓణీ వచ్చింది. ఏటా గోపురానికి ఒక అడుగు దూరం జరిగింది. తండ్రి ఊహ కదా అని రెబెక్కమ్మ సరిపెట్టుకునేది. ఆమెను భయపెట్టినవి ఆ చేతులు. ప్రతి నోటులోనూ పిల్ల దోసిలి పట్టి ఉంటుంది. ఎందుకలా అంటే, గీసేటప్పుడు తన చెయ్యి అట్లానే పోతుందన్నాడు జకరయ్య.

కలరా తగిలిన కరుణ ఆ రోజంతా దోసిలి పట్టి నీళ్ళడిగింది. నీళ్ళిస్తే బతకదని ఇరుగుపొరుగు చెప్పారు. రెబెక్కమ్మ కుండ బయట పెట్టేసింది. సాయంత్రానికి పిల్ల పోయింది. నీళ్ళ సంగతి ఆమె మొగుడికి ఇంతవరకు చెప్పలేదు.

ఈ ఏడు కరుణ నోటు అంచుకు వచ్చేసింది. ఒక పాదం కాగితం మీద లేనే లేదు. జకరయ్య ఆ నోటును అరుగు మీద ఆరబెట్టి పనికి వెళ్ళాడు. చేపలమ్మే చెంచమ్మ గంప దించి, బొమ్మ చూసి నవ్వింది.

"అన్న నోట్లు కూడా చేస్తా ఉండాడా అక్కా? నాకూ రెండు ఇప్పించు."

వంగి మళ్ళీ చూసింది.

"ఈ పిల్ల ఎవురు? ఇందాక కాలవగట్టు మీద మీ ఇల్లు యాడని అడిగినాది. నీళ్ళుండాయా అనింది. గంపలో ఉప్పునీళ్ళేనమ్మా అంటే, మా అమ్మ ఇస్తాదిలే అని వచ్చేసినాది."

చెంచమ్మ వెళ్ళాక రెబెక్కమ్మ బైబిలు చివరి పేజీ తెరిచింది. తేదీ వేసేస్తే ఆ పిల్ల ఇక నడవదు. కలం సిరాలో ముంచింది. మిట్టమధ్యాహ్నం, గాలి లేదు. గడప అవతల ఇసుకలో ఒక్క అడుగు పడిన చప్పుడయింది.

ఆమె కలం పక్కన పెట్టి, కుండలో చెంబు ముంచుకుని వాకిట్లోకి వచ్చింది. ఎవరూ లేరు. ఆ ఖాళీలోకే చెంబు వంచింది. నీళ్ళు పడిన చప్పుడు లేదు. ఇసుక తడవలేదు. చెంబు మాత్రం తేలికవుతూ వచ్చింది. మళ్ళీ ముంచుకొచ్చింది. మూడో చెంబుకు ఇసుక తడిసింది.

అప్పుడు లోపలికి వెళ్ళి తేదీ వేసింది. జకరయ్య వచ్చేదాకా బైబిలు మూయకుండా ఆ పేజీ ముందే కూర్చుంది.